చీర చాటు పాట

"మీ ఆయన మీ మాట వింటారా?" అని అడిగితే ఏ ఇల్లాలైనా ఏం చెబుతుంది? "ఆఁ, విన్నట్టే ఉంటారు" అంటుంది. నేనూ అంతే. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటాయి కనక ఆ ఫిర్యాదు కూడా పాతబడిపోయి, మా ఇంటి గోడగడియారంలాగే తన మానాన తను కొట్టుకుంటూ పోతోంది. కాని ఈ మధ్య మా ఇంటికి రెండు జతల స్పీకర్లు వచ్చి, ఆ ఫిర్యాదుకి నేను ఇన్నాళ్ళూ తప్పుడర్థం చెప్పుకున్నానని తేల్చి చెప్పాయి. ఎలాగంటారా? మొదటినించీ చెప్పనివ్వండి.

మావారు కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వాట్లూ వోల్టులూ ఆయనకి కొట్టిన పిండి. అయినా తొంభైలలో, పెట్టె మీద "రెండు వేల వాట్లు, పీఎంపీఓ" అని బొద్దుగా అచ్చేసిన సెట్టొకటి మోసుకొచ్చారు. రెండు వేల వాట్లంటే మా స్నానాలగదిలో గీజరంత! తీరా వెనక అంటించిన చీటీ చూస్తే, అది గోడలోంచి లాక్కునే కరెంటే ముప్ఫై వాట్లు. రెప్పపాటులో ఎగిసిపడే శక్తికి అమ్మేవాళ్ళు ఇష్టమొచ్చినట్టు కట్టిన లెక్క పీఎంపీఓ అనీ, నిలకడగా ఇచ్చేది ఆర్ఎంఎస్ అనీ ఆయనే తర్వాత తీరిగ్గా నాకు పాఠం చెప్పారు. కొనకముందు చెప్పుకుని ఉంటే బావుండేది.

ఆ అనుభవంతో ఈసారి జాగ్రత్తపడ్డారు. ఆన్‌లైన్‌లో రెండు జతలు తెప్పించారు. ఒకటి ఎనిమిది వేలు, రెండోది పద్నాలుగు వేలు. పది రోజుల్లో నచ్చనిది వాపసు చెయ్యొచ్చట. రెండూ 'బుక్‌షెల్ఫ్' స్పీకర్లే. ఆంప్లిఫయరు లోపలే ఉంటుంది, ఫోను కలిపితే పాట వస్తుంది. చవకది నల్లగా, దిష్టిబొమ్మలా ఉంది. ఖరీదుది ఎర్రచెక్క రంగుతో, వెండి ఉంగరాలు తొడుక్కుని, పెళ్ళికొచ్చిన ఆడపడుచులా ఉంది. చూడగానే మావారి కళ్ళు ఎటు వెళ్ళాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

బుక్‌షెల్ఫ్ అన్నారు కదా అని ఆ రెంటినీ తీసుకెళ్ళి పుస్తకాల బీరువాలో ఇరికించారు. పాట పెడితే ఖాళీ గంగాళంలో తలపెట్టి పాడినట్టుంది. మా అబ్బాయికి ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు. "పేరే అంత నాన్నగారూ! వెనక కన్నం ఉంది చూడండి, దానికి ఊపిరాడాలి. గోడకి దగ్గరైన కొద్దీ బరువు శబ్దం పెరుగుతుంది, మూలకి చేరిస్తే మరీను" అన్నాడు.

రెండు స్టూళ్ళు వేసి, గోడకి మూరెడు ఎడంగా పెట్టాం. పైనుండే చిన్న గుండ్రటి స్పీకరు కూచున్న మనిషి చెవికి సమానంగా ఉండాలట. రెండు స్పీకర్లకీ మధ్య ఎంత దూరమో, వాటికీ మన కుర్చీకీ అంతే దూరం ఉండాలట. గదిలో చప్పట్లు కొట్టి చూశాను. టైల్స్ నేల కదా, ఖణీమని తిరిగొచ్చింది. పెట్టెలోంచి పాత జంపఖానా తీసి పరిచాను. కిటికీలకి కర్టెన్లు లాగాను. అప్పుడు చప్పట్లు చప్పట్లలాగే ఉన్నాయి. పైసా ఖర్చులేని బాగు, చూడండి.

అయినా ఎక్కడో తేడా. గొంతు ఫలానా చోటినించి వస్తోందని చెప్పలేకుండా, సాంబ్రాణి పొగలా గదంతా అలుముకుంది. వెనక్కి వెళ్ళి చూద్దును కదా, ఒక స్పీకరు తీగలు ఎర్రదానికి నల్లదీ, నల్లదానికి ఎర్రదీ తగిలించి ఉన్నాయి. ఇంజనీరుగారు సద్దుకుని "టెస్టింగుకని పెట్టానోయ్" అన్నారు. మార్చి పెడితే గొంతు సరిగ్గా రెంటి నడుమా పీట వేసుక్కూచుంది.

ఇంక అసలు పరీక్ష. ఏ పాటతో చూడాలి? మనకి బాగా తెలిసినదానితోనే చూడాలని నా అభిప్రాయం. తెలియని కూర రుచిచూసి ఉప్పు చాలిందో లేదో ఎలా చెబుతాం? నేను చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక వీణ అటకెక్కింది గాని చెవి అటకెక్కలేదు. 1963లో వచ్చిన ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం పెట్టాను. అందులో ఆవిడతోపాటు రాధా విశ్వనాథన్ గారూ పాడారు. మామూలు డబ్బాల్లో ఆ రెండు గొంతులూ కలిసిపోయి ఒక్కరే పాడినట్టుంటుంది. మంచి స్పీకరైతే ఇద్దరు కూచుని పాడుతున్నట్టు తెలుస్తుంది. తర్వాత ఈమని శంకరశాస్త్రిగారి వీణ. మీటు తగలడం వేరే, దాని వెనక నాదం సాగడం వేరే వినిపించాలి. ఆ పైన మృదంగం. ఎడమవైపు రవ్వముద్ద అంటించేది ఆ గుంభనం కోసమే. అది 'గుం' అని మోగి ఆగాలి గాని, అదేపనిగా మూలగకూడదు. చివరికి ఘంటసాలగారు. ఆయన గొంతులో గుండె ఉంటుంది, అది గొంతులోకి వచ్చి ఆగిపోతే ఆ స్పీకరు వద్దన్నమాటే.

నల్లదానిలో ఇద్దరు గాయనులూ విడివిడిగా తెలిశారు. మృదంగం మరీ లోతుకి పోలేదు గాని, ఉన్నంతలో శుభ్రంగా ఉంది. ఎర్రదాని సంగతి చెప్పొద్దూ, 'స' అక్షరం వచ్చినప్పుడల్లా తాలింపులో నీళ్ళు పడ్డట్టు చుయ్యిమంటోంది. పావుగంట వినేసరికి నాకు తలనొప్పి వచ్చింది.

"ఆహా! ఎంత స్పష్టంగా ఉందోయ్! ప్రతి అక్షరం ముత్యంలా వినిపిస్తోంది. ఆ నల్లది దుప్పటి కప్పుకుని పాడినట్టుంది" అన్నారు మావారు ఎర్రదాన్ని చూస్తూ.

"మీకు వినిపించేది పాట కాదు, పద్నాలుగు వేలు" అన్నాను.

మాటకి మాట పెరిగింది. మళ్ళీ అబ్బాయే తీర్పరి. "కళ్ళు మూసి పరీక్ష పెట్టమ్మా. ఫ్లాయిడ్ టూల్ అని కెనడాలో పెద్ద పరిశోధకుడు. స్పీకర్లు కనిపిస్తే మనుషులు ఒకలాగా, తెర వెనక దాస్తే ఇంకోలాగా మార్కులు వేస్తారని ఆయనా, తోటి పరిశోధకుడూ 1994లోనే చూపించారు. రెండూ ఒకే గట్టిగా మోగాలి సుమా! కాస్త గట్టిగా మోగినదే బావుందనేస్తుంది చెవి" అన్నాడు. గట్టితనం కొలిచే సదుపాయం ఫోనులోనే ఉంది. కుర్చీలో ఫోను పెట్టి రెంటినీ సమానం చేశాను.

తెర ఎక్కణ్ణించి తేను? నా పాత వెంకటగిరి చీర తీసి దండేనికి వేలాడదీశాను. పల్చటి నూలు కనక పాటకి అడ్డురాదు, కంటికి మాత్రం అడ్డొస్తుంది. మావారిని కుర్చీలో కూచోబెట్టి, ఏది మోగిస్తున్నానో చెప్పకుండా పదిసార్లు మార్చి మార్చి వినిపించాను. వెండి ఉంగరాలు కనపడకపోతే ఈయన బండారం బయటపడుతుందని లోలోపల ఒకటే సంబరం.

పదికి పదిసార్లూ ఎర్రదాన్నే బావుందన్నారు!

నాకు నోట మాట రాలేదు. అంటే ఆయన ఖరీదు చూసి అనలేదు, నిజంగా వినిపించిందే చెప్పారు. మరి నా తలనొప్పో? పట్టుదలగా నల్లదానిలో ఓ భజన పెట్టి, "తాళం ఎంత కమ్మగా ఉందో చూడండి" అన్నాను. ఆయన కాసేపు చెవొగ్గి, "తాళమేదోయ్? ఇందులో తాళాలు లేవే!" అన్నారు.

చిటితాళాలు గలగలమంటూనే ఉన్నాయి.

చీర పట్టుకుని అలాగే నించుండిపోయాను. నెల్లాళ్ళ కిందట పెరటి అరుగు మీద కూచుని ఆయనన్న మాట గుర్తొచ్చింది. "ఈ ఏడు వానలు పడ్డా కీచురాళ్ళు రాలేదోయ్. మందులు కొట్టి కొట్టి పురుగులన్నీ చచ్చినట్టున్నాయి." అప్పుడు అవి చెవులు చిల్లులుపడేలా అరుస్తుంటే, ఎగతాళి చేస్తున్నారనుకుని ఊరుకున్నాను. పసుపు తెమ్మంటే పప్పు తెచ్చి, "నువ్వు పప్పన్నావు" అని దబాయించడం గుర్తొచ్చింది. రెండేళ్ళుగా అలాంటివెన్నో! ప్రతిదానికీ నేను మూతి ముడుచుకోవడమే. ఈయనకి నా మాటంటే లెక్కలేదని తమ్ముడి భార్య దగ్గర చెప్పుకుని ఏడవడం కూడా అయింది.

అబ్బాయి చెప్పినట్టు ఫోనులో స్వరాలు మోగించే ఆటొకటి పెట్టి, నల్ల స్పీకర్లకి కలిపాం. మనిషి చెవికి 20 హెర్ట్‌జ్ నించి 20,000 దాకా అందుతుందంటారు గాని, పై అంచు లేతచెవులకే. 14,000 దగ్గర పక్కింటి కుర్రాడు "అబ్బా" అని చెవులు మూసుకున్నాడు. నాకు 11,000తో సరి. తగ్గిస్తూ 8,000 దగ్గరికి వచ్చాను. గది కోసుకుపోతున్నట్టుంది. మావారు నిశ్చింతగా నా వంక చూసి, "మొదలుపెట్టావా?" అన్నారు.

"ఇంకా లేదండీ" అని అబద్ధమాడాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గాజు తలుపుల గదిలో కూచోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, పీ మన్నప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కాయితం మీద గీత తిన్నగా నడిచి నడిచి, 2,000 దాటాక మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో వచ్చేదేనట. 60 దాటినవాళ్ళలో నూటికి 25 మందికి పైగా ఇబ్బందిపెట్టే వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ముందుగా పోయేవి పై స్వరాలు. అచ్చులు కింద ఉంటాయి కనక మాట్లాడుతున్నారని తెలుస్తుంది. 'స' లాంటి అక్షరాల బుస 4,000కి పైమాటే కనక ఏం మాట్లాడుతున్నారో తెలియదు. పాత టెలిఫోను 300 నించి 3,400 దాకానే మోసేది. అందుకే ఆ రోజుల్లో ట్రంకాల్‌లో ఒక్క పేరు చెప్పడానికి గొంతు చించుకునేవాళ్ళం. అంటే, నేను ఎదురుగా నించుని మాట్లాడుతున్నా మావారికి రెండేళ్ళుగా ట్రంకాల్‌లాగే వినిపిస్తోందన్నమాట!

ఎర్ర స్పీకరు ఆయనకెందుకు నచ్చిందో అప్పుడు అర్థమైంది. అది పై స్వరాల్ని గుచ్చి గుచ్చి చెబుతుంది. నాకు గుచ్చుకునేది ఆయనకి సరిపోయింది. తప్పు ఆయన అభిరుచిదీ కాదు, నా చెవిదీ కాదు.

వాపసు గడువు ఇంకా రెండు రోజులుంది. దారిలో ఆటోలో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "ఎర్రది పంపించెయ్యి. చెవికి మిషను పెట్టుకోబోతున్నా కదా, ఇక నీ చెవే ప్రమాణం" అన్నారు. నలభై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆయన వినకపోవడం వేరు, ఆయనకి వినపడకపోవడం వేరు. ఈ రెంటికీ తేడా కనుక్కోవడానికి నాకొక చీరా, నాలుగు స్పీకర్లూ కావలసివచ్చాయి. మిగిలిన ఆరు వేలు చెవి మిషన్ల ఖర్చులో ఓ మూలకీ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

మిషన్లు పెట్టుకున్న మొదటిరోజు స్టీలు కంచాల చప్పుడికి ఉలిక్కిపడ్డారు. న్యూస్‌పేపరు మడత విప్పితే ఇంత రొదా అన్నారు. రాత్రి భోజనాలయ్యాక పెరటి అరుగు మీద కూచుని, చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నారు. చాలాసేపటికి, "వచ్చాయోయ్" అన్నారు మెల్లిగా. నేనేం అనలేదు. కీచురాళ్ళు మాత్రం అరుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నల్ల స్పీకర్లలో సుప్రభాతం. ఇద్దరు పాడుతున్నారని ఆయనే నాకు చెబుతున్నారు, తను కనిపెట్టినట్టు! ఒక్కటే చిక్కు వచ్చిపడింది. నిన్న వంటింట్లో గిన్నెలు తోముతూ అలవాటుకొద్దీ ఏదో గొణుక్కుంటున్నాను. హాల్లోంచి కేకేశారు:

"వినపడిందోయ్!"