గర్వం అణిచే అమ్మవారు

గ్రీసు వెళ్తే ఏథెన్సుతో సరిపెట్టుకోకండి. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రం పక్కన మిట్ట మీద రామ్నూస్ ఉంది. అక్కడివి నెమెసిస్ గుడి శిథిలాలు. మిడిసిపడేవాళ్ళకి బుద్ధి చెప్పే దేవత ఆవిడ.

క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధానికొచ్చిన పర్షియన్లు, విజయచిహ్నం కోసం పాలరాయి ముందే తెచ్చుకున్నారట! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. తీరా ఓడిపోయారు. ఆ రాతితోనే ఈవిడ విగ్రహం చెక్కారని పాసేనియస్ అనే పూర్వకాలపు యాత్రికుడు రాశాడు. ఒక చేతిలో ఆపిల్ కొమ్మ, ఇంకో చేతిలో పాత్ర. కత్తీ లేదు, శూలమూ లేదు! విగ్రహం ముక్కలైపోయింది. తల భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మనల్ని చులకన చేసినవాళ్ళని తలుచుకుని కుమిలిపోతుంటాం కదండీ! ఆ లెక్కేదో ఆవిడకి వదిలేసి, మన పని మనం చూసుకుందాం.