సోమశిల రేవులో చేపల వేపుడు

కొల్లాపూర్ దాటి మామిడితోటల నడుమ సుమారు పది కిలోమీటర్లు పోతే కృష్ణ ఒడ్డున రోడ్డు ఆగిపోతుంది. అదే సోమశిల. ఆదివారం మధ్యాహ్నం మేం దిగేసరికి రేవు దారి పొడవునా పెనాల మీద నూనె సలసల కాగుతోంది. కారం ఘాటుకు ముందు తుమ్ములొచ్చాయి, ఆ వెనకే ఆకలి.

"కారం జర ఎక్కువెయ్యాల్నా అన్నా?" పెనం దగ్గరి అక్క అడిగింది. ఎక్కువే అన్నాం.

ఇక్కడ మెనూ కార్డు వెతకనక్కర్లేదు. వచ్చినవాళ్లు నచ్చిన చేపను చూపిస్తారు. దాన్ని తూచి, పొలుసు తీసి, అడ్డంగా గాట్లు పెట్టి ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, ఎర్రకారం దట్టంగా పట్టిస్తారు. బొచ్చె, రవ్వు లాంటి పెద్ద చేపలైతే ముక్కలు కోస్తారు. చిన్న చేపలు మాత్రం తలతో సహా నూనెలోకి పోతాయి. పైన కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చిన కుటుంబాలు, అవతలి ఒడ్డున ఉన్న సంగమేశ్వరం గుడికి పడవ కోసం కాచుకున్న యాత్రికులు, పొరుగూళ్ల కుర్రాళ్లు ఒకే బల్ల చుట్టూ చేరి, కళ్లు తుడుచుకుంటూనే ఇంకో ప్లేటు చెబుతున్నారు.

నది ఒడ్డున ఇలా కారంతో తినడం చైనాలోని సిచువాన్ ప్రాంతంలోనూ ఉంది. చోంగ్‌చింగ్‌లో యాంగ్జీ, జియాలింగ్ రేవుల్లో పడవవాళ్లు, కూలీలు చుట్టూ కూర్చుని తిన్న కుతకుతలాడే కారపు కుండే అక్కడి నేటి హాట్‌పాట్. మిరప అక్కడికైనా ఇక్కడికైనా అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చిందే. చైనావాళ్లు దానికి నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం జోడించారు. ఇక్కడి పాలమూరు వంటలో ఆ తిమ్మిరి ఉండదు. చింతపండు పులుసు, జొన్నరొట్టె ఉంటాయి.

సోమశిలకు ఇన్ని చేపలు రావడానికి శ్రీశైలం డ్యామే కారణం. 1980లలో వెనక్కి పరుచుకున్న నీళ్లు ఊళ్లనూ పొలాలనూ ముంచాయి. సోమశిలలో సోమేశ్వరుడి గుడిని, జటప్రోలులో మదనగోపాలస్వామి గుడిని విప్పి ఎత్తు మీద తిరిగి కట్టారు. పంట పోయిన నేల మీద చేపల వేట పెరిగింది. కోస్తా నుంచి జాలరి కుటుంబాలు కూడా వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి.

వేటతో పాటే అలివి వలలూ వచ్చాయి. సన్నటి కన్నులున్న ఈ పొడవాటి వలలు వేలెడంత పిల్లలను కూడా ఊడ్చుకుపోతాయి. నిషేధం ఉన్నా వాటి వాడకం ఆగలేదు. మామూలు వలతో బతికే జాలరికి దక్కాల్సిన రేపటి చేప ఇవాళే పోతోంది.

2022లో సోమశిల, అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న సిద్ధేశ్వరం మధ్య రూ.1,082 కోట్ల తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. రెండు రాష్ట్రాల బండ్లు ఇటు తిరిగితే రేవులో పెనాలు పెరుగుతాయి, చేపల గిరాకీ కూడా పెరుగుతుంది. అలివి వలల మీద నిషేధాన్ని అధికారులు ఇప్పుడే గట్టిగా అమలు చేయాలి. చేపలు గుడ్లు పెట్టే వానకాలంలో వేట ఆపే జాలర్లకు ఆ రోజుల బత్తెం చేతికందాలి.