పొత్రం కాపలా

విశాఖలో కొండవాలున ఉన్న ఆ వీధిలో రోజూ సాయంత్రం ఒకటే తంతు. రిటైర్డ్‌ లెక్కల మాస్టారు కారు ఇంటి ముందు ఆపి హ్యాండ్‌బ్రేక్‌ని చంక దాకా లాగుతారు. 'ఊఁ' అంటారు. అప్పుడు ఆయన శ్రీమతి రుబ్బురోలు పొత్రం తెచ్చి వెనక చక్రం కింద పెడతారు. మిక్సీ వచ్చాక ఆ పొత్రానికి మిగిలిన ఉద్యోగం అదొక్కటే!

కారు మారుతీ 800. దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. 'ఇక అమ్మేయండి నాన్నా' అని హైదరాబాద్‌ నుంచి కొడుకు అన్నప్పుడల్లా మాస్టారు మాట మార్చేస్తారు. సంక్రాంతి నాడు హడావుడిలో పొత్రం పెట్టడం మరిచారు. కారు నాలుగు బారలు వెనక్కి జారి దిగువింటి అరుగుకి కొట్టుకుని ఆగింది. కాసేపటి ముందు వరకూ మనవరాలు అక్కడే కూర్చుని ముగ్గుకి రంగులద్దింది. ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు.

తెల్లారగానే స్పానర్‌ పట్టారు. లీవరు మొదట్లో కవరు తీస్తే నట్టు కనిపిస్తుంది. దాన్ని తిప్పితే వెనక చక్రాలకు వెళ్లే కేబుల్‌ బిగుస్తుంది. పన్నెండు 'టిక్కు'లు లాగితే గానీ పట్టని బ్రేకు రెండింటికే పట్టేసింది. ఇంకేం, పొత్రానికి రిటైర్మెంట్‌ ప్రకటించేశారు!

ఆ సంబరం సింహాచలం కొండెక్కేదాకానే. పైకెళ్లేసరికి వెనక చక్రాల దగ్గర కమురు వాసన. లీవరు పూర్తిగా దించినా లోపల షూలు డ్రమ్ముని వదలడం లేదు మరి.

మెకానిక్‌ డ్రమ్ములు ఊడదీసి చూపించాడు. షూల లైనింగ్‌ అరిగిపోయి ఇనుము తేలబోతోంది. 'అరిగిన చెప్పుకి తాడు బిగించి కట్టారండీ మాస్టారూ' అన్నాడు. లెక్క తప్పింది ఎక్కడో మాస్టారికి అప్పుడర్థమైంది.

కొత్త షూలు వేయించాక నట్టు సంగతి మళ్లీ తానే చూస్తానన్నారు. ఈసారి వాలు వీధిలో కాదు, చదునైన చోట. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కముక్కలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్‌ దించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి వెనక భాగం పైకి లేపారు. జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్లు కూడా పెట్టారు. నట్టు అర చుట్టు తిప్పడం, లీవరు లాగి టిక్కులు లెక్కపెట్టడం, దించి చక్రాన్ని చేత్తో తిప్పి చూడడం... అదే పని గంటసేపు. దించితే చక్రం స్వేచ్ఛగా తిరగాలి. లాగితే రెండు చక్రాలూ ఒకేలా బిగుసుకోవాలి. ఆరు టిక్కుల దగ్గర రెండూ కుదిరాయి. మాన్యువల్‌ తెరిచి అక్కడి అంకెతో సరిచూసుకుని గానీ స్పానర్‌ కింద పెట్టలేదు. (మీట నొక్కితే పడే ఎలక్ట్రానిక్‌ బ్రేకుల కార్లలో ఈ ప్రయోగం వద్దు!)

సాయంత్రం వాలులో కారు ఆపారు. ఆరు టిక్కులు. ఫస్ట్‌ గేరు వేశారు. జారినా అరుగు రాయికి ఆనేలా ముందు చక్రాలు తిప్పారు. కారు అంగుళం కదల్లేదు. 'ఊఁ' అనకుండానే లోపలికి వెళ్లిపోయారు.

కాఫీ తాగి బయటికొస్తే వెనక చక్రం కింద పొత్రం ఉంది.

'పిల్ల ఆడుకునే వేళ కదండీ' అన్నారావిడ.

మాస్టారు వంగి, పొత్రాన్ని టైరుకి ఇంకాస్త దగ్గరగా జరిపారు.