మా ఇంటి ఆరు ఓట్లు

నా పుట్టిల్లు నంద్యాల. మెట్టినిల్లు ఆళ్ళగడ్డ. బస్సెక్కితే గంట ప్రయాణం. శాసనసభకైతే దేని నియోజకవర్గం దానిదేగాని, పార్లమెంటుకు రెండూ నంద్యాల కిందికే వస్తాయి. కాబట్టి పెళ్ళయి ఊరు మారినా నా ఎం.పీ. మారలేదన్నమాట. మారిందల్లా నా ఓటుకు యజమాని!

నవ్వకండి. ఎన్నికలొస్తే చాలు, మా మామగారు అరుగుమీద కూర్చుని పెన్సిలుతో లెక్క కట్టేవారు. "వాళ్ళింట్లో ఎనిమిది, మనింట్లో ఆరు" అని. మనుషులు కాదు, ఓట్లు. చెరుకుగడల్లా మోపుగట్టి అప్పజెప్పడమే. మా ప్రాంతపు ఎన్నికల గురించి రాసే పెద్దలూ అంతే. ఫలానా ఊరు ఫలానా కుటుంబానిది, ఫలానా వర్గానిది అని తేల్చేస్తారు. ఆ మోపులో వంటింటి చేతులు ఎన్నున్నాయో, అవి ఏమనుకున్నాయో ఎవరైనా అడిగారా?

నా మొదటి ఓటు 1977 మార్చిలో. అప్పట్లో 21 ఏళ్ళు నిండితేగాని ఓటు లేదు. ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన ఎన్నిక. నంద్యాలలో జనతా తరఫున నీలం సంజీవరెడ్డిగారు నిలబడ్డారు. మా నాన్న ఆయన పక్షం. మామగారు కాంగ్రెస్సు. బయల్దేరేటప్పుడు మామగారు, "ఏమ్మా, ఆవూదూడ గ్యాపకముందా? మనింటి ఓట్లు ఆరూ ఒకే గుర్తుకు పడాల" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఆప్యాయతే ఉంది. అదే వచ్చిన చిక్కు. నా మనసు నాన్నవైపే లాగింది. అట్టచాటున ముద్ర పట్టుకుని నిలబడితే చెయ్యి వణికింది. చూసేవాళ్ళు లేకపోయినా భయపడి, ఆవూదూడమీదే గుద్ది వచ్చాను.

రాష్ట్రంలో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్సుకే వచ్చాయి. రానిది ఒక్కటే, మా నంద్యాల! సంజీవరెడ్డిగారు స్పీకరయ్యారు, జూలైకల్లా రాష్ట్రపతీ అయ్యారు. నాన్న సంచిలో బెల్లం అచ్చు పెట్టుకుని ఆళ్ళగడ్డ వచ్చాడు. "నా బిడ్డ ఓటు కూడా ఉందిలే అందులో" అంటూ నా నోట్లో ఇంత ముక్క పెట్టాడు. ఆ ముక్క గొంతు దిగితే ఒట్టు. నాన్న పోయేదాకా నిజం చెప్పలేకపోయాను. ఇక ముందు మాత్రం నా చెయ్యి నా మాటే వినాలని ఆనాడే అనుకున్నాను.

తెలుగుదేశం వచ్చాక మా ఇంట్లో తండ్రీకొడుకులు చెరోవైపు అయ్యారు. ఆడవాళ్ళం ఎవరి లెక్కలోకి వస్తామనేదే పెద్ద తగాదా. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.గారు నంద్యాలలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని రామారావుగారు పోటీయే పెట్టలేదు. 5 లక్షల 80 వేల ఆధిక్యం! ఆ ఒక్కసారే మా అరుగుమీద గొడవ లేదు.

ఇక 2014. ఏప్రిల్‌లో శోభా నాగిరెడ్డిగారు నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఆళ్ళగడ్డకు తిరిగొస్తూ, నేను వెయ్యిసార్లు పుట్టింటికి తిరిగిన ఆ దారిలోనే, కారు ప్రమాదానికి గురై మరణించారు. ఆవిడ పేరు మాత్రం ఓటు యంత్రంమీద అలాగే ఉండిపోయింది. మా ఇల్లు ఎప్పుడూ ఎదుటి పక్షమే. "పోయినామెకు వేస్తే మళ్ళా ఎన్నికే. ఓటు దండగ" అన్నారు మావారు.

మే 7న అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. తిరిగొస్తూ వేపచెట్టుకింద ఆయాసం తీర్చుకుంటూ, "ఆ తల్లికే వేసినానే. ఆమె కూడా ఓడిపోతే బిడ్డలు ఎంత ఏడుస్తారో! వాడికి చెప్పొద్దు" అంది రహస్యంగా.

"మరి ఇన్నేళ్ళూ చెప్పిన గుర్తుకే వేసినావా అత్తా?" అన్నాను.

బోసినోటితో నవ్వింది. "ఎవురు చూసొచ్చినారే?"

ముప్ఫయ్యేడేళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆ మాట ముందే అడిగి ఉంటే నాకా బెల్లం ముక్క అంత చేదయ్యేది కాదు. శోభగారు సుమారు 18 వేల ఆధిక్యంతో గెలిచారు. అరుగుమీద మగవాళ్ళు లెక్క ఎక్కడ తప్పిందా అని తలలు గోక్కున్నారు.

2019లో రెండూళ్ళూ వైకాపాకు వేశాయి. 2024లో రెండూ తెలుగుదేశానికి తిరిగాయి. గాలి మారిందన్నారు. గాలి ఏ కిటికీలోంచి వీచిందో!

2024లోనే మా మనవరాలిది మొదటి ఓటు. మావారు దాన్ని కూర్చోబెట్టి గుర్తు చెప్తున్నారు. అది బుద్ధిగా తల ఊపుతోంది. నాకు నవ్వొచ్చింది. దారిలో, "అవ్వా, నువ్వెవరికి వేస్తావు?" అంది.

"1977లో వేసింది చెప్తాను విను. అది నాది కాదు గనక చెప్పొచ్చు. తర్వాతవన్నీ నావి. అవి చెప్పను" అన్నాను.