తొర్రలో కాపురం

గెరిక్ ఊరు దాటాక వచ్చే తెమెంగోర్ సరస్సుకి మేము వెళ్ళడం ఇది మూడోసారి. ఆనకట్ట కట్టగా నిలిచిన నీరది. దాన్ని ఆనుకున్న బెలుం అడవిలో పది జాతుల హార్న్‌బిల్ పక్షులున్నాయి. మొదటి రెండుసార్లూ వాటి రెక్కల హోరు మాత్రమే విన్నాం.

ఈసారి పడవ నడిపే అతను ఒక చెట్టుతొర్ర చూపించాడు. ఆడపక్షి అందులో దూరి, సన్నని చీలిక మాత్రం ఉంచి ద్వారం మూసేసుకుంటుందట. నెలల తరబడి మగపక్షే ఆ చీలికలోంచి పళ్ళు అందించాలి.

మా పాప పుట్టిన రాత్రి నేను ఆసుపత్రిలో ఇంకెవరికో పురుడు పోస్తున్నాను. మా ఆవిడ దానికి ఏనాడూ నిష్ఠూరమాడలేదు. ఆ రోజు బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, "చూడండి, మళ్ళీ వచ్చాడు" అంది, అంతే.

చాలాసేపు వాటిని కళ్ళనుంచి దించలేకపోయాను.

సెలవు దొరికితే మీరూ వెళ్ళిరండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి.