ఏ ఒడ్డు రచయితలు?

మాది సిరొంచ. కాళేశ్వరం వెళ్ళి స్నానం చేసిన వాళ్ళందరూ అవతలి ఒడ్డు చూసే ఉంటారు. అదే మా వైపు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది మా ముందే. వంతెన రాకముందు పడవల మీద దాటేవాళ్ళట. రాష్ట్రం మహారాష్ట్ర, జిల్లా గడ్చిరోలి. అంగట్ల బేరం తెలుగులో, బడిలో పాఠం మరాఠీలో, ఆఫీసులో అర్జీ మరాఠీలో, పెళ్ళిలో పాటలు రెండింట్లో.

మా ఇల్లు కూడా అంతే. బాపుది తెలుగు, ఆయిది మరాఠీ. ఆయి పుట్టిల్లు మా జిల్లాకే ఉత్తరాన, వడసా వైపు. నేను పదో తరగతి దాకా మరాఠీ మీడియం. తెలుగు అక్షరాలు నాకు బడిలో రాలేదు. బాపు రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక పాత లెక్కల పుస్తకం వెనక కాగితాల మీద నేర్పాడు. ఇంటర్‌కి మంచిర్యాలలో మేనత్త ఇంట్లో ఉన్నాను. అక్కడి నుంచి ఇక్కడికి, బీఏ తెలుగుకి వచ్చాను. "తెలుగు బీఏ పట్టుకొని గడ్చిరోలిలో ఏం నౌకరీ చేస్తవ్?" అని ఆయి ఇప్పటికీ అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ వ్యాసం రాస్తుంటే సగం జవాబు దొరికిందనిపించింది.

ఈ సంచికకు మన ప్రాంత రచయితల గురించి రాద్దామనుకున్నప్పుడు పాత జిల్లాల లెక్కన పంచుకున్నాం. వరంగల్ వాళ్ళకు పోతన ఉన్నాడు, పాలమూరు వాళ్ళకు సురవరం ఉన్నాడు. సిరొంచ ఏ జిల్లా కిందికీ రాదు. అది సహజమే, ఎవరి తప్పూ కాదు. అయితే పేర్లు వెతకడం మొదలుపెట్టాక నాకొక సంగతి అర్థమైంది. జిల్లా గీతలు పట్టుకొని వెతికితే మా ఊరు దొరకదు, నిజమే. కానీ మీ జిల్లాల రచయితలు కూడా సగమే దొరుకుతారు.

కాళోజీనే తీసుకోండి. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పోయినేడు మన డిపార్ట్‌మెంట్‌లో ఆయన ఫోటోకి దండ వేసింది నేనే. ఆయన 1914లో పుట్టింది కర్ణాటకలో, బీజాపూర్ జిల్లా రట్టిహళ్ళిలో. తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ మూలాల కుటుంబం. అన్న రామేశ్వరరావు ఉర్దూ కవి. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి మనకు "మీ యాసలోనే రాయండి" అని ధైర్యం చెప్పాడు. మా బడిలో ఫిబ్రవరి 27న మరాఠీ భాషా గౌరవ దినం చేసేవాళ్ళం. అది కుసుమాగ్రజ్ అనే పేరుతో రాసిన కవి వి.వా. శిర్వాడ్కర్ పుట్టినరోజు. అంటే నదికి ఇటూ అటూ భాష పండుగ జరుపుకోవడానికి కవి పుట్టినరోజునే ఎంచుకున్నారు. రెండు పండుగలూ చేసిన అమ్మాయిని ఈ క్లాసులో నేనొక్కదాన్నే అనుకుంటా. అందుకని కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

ఇక పి.వి. నరసింహారావు గారు. ప్రధానమంత్రిగా అందరికీ తెలుసు. మా నదికి అవతలి మంథని నుంచి 1957 నుంచి 1977 దాకా ఎమ్మెల్యేగా ఉన్నారు. తర్వాత 1984లోనూ 1989లోనూ మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. రెండు భాషల్లోనూ ఓటు అడగగలిగిన మనిషి. విశ్వనాథ వారి 'వేయిపడగలు'ని హిందీలోకి 'సహస్రఫణ్'గా తెచ్చింది ఆయనే అని మనకు పాఠంలో ఉంది. ఆయన మరాఠీ నుంచి తెలుగులోకి తెచ్చిన నవల సంగతి మాత్రం తక్కువ మంది చెబుతారు. అది హరి నారాయణ ఆప్టే రాసిన 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో'. యమున అనే అమ్మాయి తన కథ తానే చెప్పుకుంటుంది. చిన్నప్పుడే పెళ్ళి, ఆపైన వైధవ్యం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక మగ రచయిత ఒక ఆడపిల్ల గొంతుతో అంత పెద్ద నవల రాయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పీవీ గారి తెలుగు పేరు 'అబల జీవితం'.

దసరా సెలవుల్లో ఆ పుస్తకం లైబ్రరీ నుంచి ఇంటికి తీసుకుపోయాను. ఆయి పేరు వినగానే మరాఠీ పుస్తకం ఎవరింటి నుంచో అడిగి తెచ్చింది. రాత్రి అన్నాలయ్యాక నేను తెలుగులో ఒక పేజీ చదివితే, ఆయి మరాఠీలో అదే పేజీ చదివేది. మొదటి రోజే ఆయి పేరు దగ్గర ఆగింది. "మరాఠీలో పేరు ఒక ప్రశ్న. కానీ పట్టించుకునేది ఎవరు అని నిలదీస్తున్నది. నీ తెలుగులో ఆ ప్రశ్న ఏది? అబల అంటే ఆమెను చూసి అయ్యో అనుడే కదా" అంది. నేను పీవీ గారి తరఫున కాసేపు వాదించాను. ఆ కాలంలో తెలుగు చదివేవాళ్ళకు ఆ పేరుతోనే విషయం తెలుస్తుంది అన్నాను. ఆయి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయి మాటలోనే బలం ఎక్కువుంది. మీరు చదివి చెప్పండి.

బాపమ్మకు చదువు రాదు. మూలకు మంచం మీద పడుకొని రెండు భాషల్లోనూ వినేది. నాలుగో రోజో అయిదో రోజో లేచి కూచుంది. "యమున అంటున్నవు గని, గామె మా మేనత్తే" అంది. బాపమ్మ మేనత్తకు పదేళ్ళకు పెళ్ళయి పన్నెండేళ్ళకు భర్త పోయాడట. మిగతా బతుకంతా అన్న ఇంట్ల వెనక అర్రలనే. పండుగ పూట ఎవరికీ ఎదురు రాకుండ ఉండేదట. నేను పుట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఆ మనిషి ఒకామె మా ఇంట్లో బతికిందని ఆ రాత్రి దాకా నాకు తెలియదు. పుణె వైపు ఎవరో రాసిన పుస్తకం, మంథని ఎమ్మెల్యే గారి తెలుగు, మా ఆయి మరాఠీ, ఇవన్నీ కలిస్తే గానీ ఆమె సంగతి బయటికి రాలేదు. ఆమె పేరేంటని అడిగాను. బాపమ్మ చెప్పింది. నా నోటుబుక్కులో రాసుకున్నాను.

బాపమ్మకు చదువు రాదన్నాను గానీ పద్యాలు వచ్చు. నరసింహ శతకం పద్యాలు నోటికే చెప్తుంది. ఆ శతకం రాసిన శేషప్ప కవి ధర్మపురి వాడు. మ్యాపులో చూడండి, ధర్మపురి గోదావరి నీళ్ళే మంచిర్యాల దాటి మా సిరొంచ ముందుకి వస్తాయి. పద్యాలు కూడా అట్లనే వచ్చాయేమో. బాపమ్మ చెప్పే పద్యంలో, అచ్చు పుస్తకంలోని పద్యంలో మాటలు అక్కడక్కడ తేడాగా ఉంటాయి. మొదట్లో దిద్దాలనిపించేది. మౌఖిక సాహిత్యం పాఠం విన్నాక దిద్దడం మానేసి, ఆమె చెప్పినట్టే రాసుకుంటున్నాను. ఇప్పటికి పదిహేడు పద్యాలయ్యాయి. బాపమ్మకు ఎనభై దాటాయి, నాకు తొందరగా ఉంది.

ప్రాణహిత వైపు వస్తే సామల సదాశివ గారున్నారు. పుట్టింది 1928లో, దహెగాం మండలం తెనుగుపల్లెలో. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, సంస్కృతం అన్నీ ఆయన ఇంటి భాషల్లాగే ఉంటాయి. 'స్వరలయలు' పుస్తకానికి 2011 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. 'యాది', 'మలయమారుతాలు' చదివితే పెద్దమనిషి ఒకాయన అరుగు మీద కూచొని మనతో ముచ్చట పెట్టినట్టుంటుంది. హిందుస్తానీ సంగీతం గురించి తెలుగులో అంత తీయగా చెప్పింది సరిహద్దు జిల్లా ఆదిలాబాద్ మనిషి. ఇందులో వింతేమీ లేదని నేనంటాను. పక్కింటి రేడియోలో ఏ భాష పాట వస్తుందో తెలియని చోట పెరిగితే చెవులు అట్లనే తయారవుతాయి.

ఇప్పటి వాళ్ళలో అల్లం రాజయ్య గారిది మంథని దగ్గరి గాజులపల్లి. 'కొలిమంటుకున్నది', 'ఊరు' మనలో కొందరు చదివారు. సాహుతో కలిసి ఆయన రాసిన 'కొమురం భీం' నవల మా ఒడ్డుకీ సంబంధించిందే. భీం చిన్న వయసులో పారిపోయి చాందాకు వెళ్ళి, అక్కడ విఠోబా అనే ఆయన దగ్గర చదువు నేర్చుకున్నాడని చెప్తారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోక ముందు మా సిరొంచ కూడా చాందా జిల్లానే. జోడేఘాట్ వీరుడికి అక్షరం పరిచయమైంది మా పాత జిల్లాలో అన్నమాట.

మా ఒడ్డు మరాఠీ రచయితల్ని మీకు పరిచయం చేయడం కూడా నా పనే. మా జిల్లాలో ఝాడీపట్టి నాటకాలుంటాయి. వరి కోతలయ్యాక వడసా చుట్టుపక్కల ఊళ్ళలో రాత్రి మొదలై తెల్లారేదాకా ఆడతారు. ఆ నాటకాల పెద్ద నటుడు పరశురామ్ ఖుణే గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు ఆయి పుట్టింటి వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్నారు. భామ్రాగఢ్ అడవిలో హేమల్‌కసా దగ్గర 1973 నుంచి నడుస్తున్న ఆసుపత్రి గురించి డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే 'ప్రకాశ్‌వాటా' రాశారు. అక్కడే పనిచేసిన విలాస్ మనోహర్ ఆ అడవి మనుషుల మీద నవలలు రాశారు. హేమల్‌కసా, మంథని ఒకే అడవికి రెండు అంచులని నాకనిపిస్తుంది. ఆ ఒడ్డు మరాఠీ నవల, ఈ ఒడ్డు తెలుగు నవల పక్కపక్కన పెట్టి చదివితే ఎంత బాగుంటుంది!

రచయితను గౌరవించడం అంటే పేరు పెట్టడమే అయితే, మా తాలూకాను మించింది లేదు. మా దగ్గరా ఒక పోచంపల్లి ఉంది, పట్టుచీరల పోచంపల్లి కాదు. అక్కడ నేలలో చాలా పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం. తవ్వకం ఆ కాలంలో జరిగింది కాబట్టి, 1975లో శాస్త్రవేత్తలు దానికి 'బరపాసారస్ టాగోరై' అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బడ పా' అంటే పెద్ద కాలు. ఎముకల్ని కూర్చి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. సిరొంచ మట్టిలో పుట్టి పెరిగిన జంతువుకి బెంగాలీ కవి పేరు. నాకు కోపమేం లేదు, పైగా ముచ్చటేస్తుంది. అయితే పోచంపల్లిలో ఉన్న మా చుట్టాలబ్బాయిని టాగోర్ ఎవరని అడిగితే జాతీయగీతం అన్నాడు. ఒక్క కథ చదివావా అంటే లేదన్నాడు. పేరు ఎముక మీదుంటే సరిపోదు, మనిషి నోట్లోకి రావాలి.

మా తమ్ముడు తొమ్మిదో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. బాపు తర్వాత మా ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. మా వీధిలో చాలా ఇళ్ళ సంగతి ఇంతే. భాష నోట్లో ఉంది, చేతిలో లేదు. ఇంకో ముప్పై ఏళ్ళకు బాపమ్మ మేనత్త లాంటి వాళ్ళ సంగతి ఎవరు రాస్తారు, రాస్తే ఎవరు చదువుతారు? ఆప్టే నవల పేరులోని ప్రశ్న నన్నే అడుగుతున్నట్టుంది. ఆయి అడిగే నౌకరీ ప్రశ్నకు నా సగం జవాబు ఇదే: రెండు ఒడ్ల పుస్తకాలూ చదవగలిగిన వాళ్ళు అటుదిటూ ఇటుదటూ చేరవేయాలి. జీతం వచ్చే పనేనా అంటే, ఆ మిగతా సగం ఇంకా వెతుక్కోవాలి.

అందుకని ఒక చిన్న పని మొదలుపెడుతున్నాను. వచ్చే ఫిబ్రవరి 27 నాటికి ఒక మరాఠీ కథను తెలుగు చేసి ఇదే గోడ మీద పెడతాను. ఒక తెలుగు కథను మరాఠీ చేసి ఆయికి పంపుతాను. తప్పులు ఆయి దిద్దుతానంది, తెలుగు తప్పులు మేడమ్ దిద్దాలి. మన క్లాసులో మద్నూర్ అమ్మాయి ఉంది, నారాయణపేట అమ్మాయిలు ఇద్దరున్నారు, చెన్నూరు వాళ్ళున్నారు. మీ ఇళ్ళలోనూ రెండో భాష ఒకటి వంటింట్లో తిరుగుతూ ఉండే ఉంటుంది. మీ అమ్మనో బాపమ్మనో అడిగి ఆ భాషలో ఒక రచయిత పేరు, చదవగలిగితే ఒక పుస్తకం పేరు, కాగితం మీద రాసివ్వండి. ఏ జిల్లా అని అడగను.