వేపచెట్టు లేని విమానాశ్రయం

మానవుడు తాను పోగొట్టుకొన్న దానిని ఏదో ఒక రూపంలో మరల నిలుపుకోవాలని తపించడం అనాదిగా ఉన్నదే. కూలిపోయిన ఇంటిని ఒకరు పాటలో నిలుపుకొంటారు, ఒకరు చిత్రంలో నిలుపుకొంటారు. విమానాశ్రయాన్ని కంప్యూటరులో నిలుపుకొనేవారు కూడా ఉన్నారని నిరుటి వరకు మాకు తెలియదు. తెలిసిన విధం మాత్రం కొంచెం సిగ్గుతోనే చెప్పుకోవలసి ఉన్నది.

మా మేనల్లుడు మా ఇంటనే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. రాత్రి పన్నెండు దాటినా వాని గదిలో దీపం ఆరేది కాదు. చదువుకొంటున్నాడు గదా అని సంతోషించాము. ఒకనాటి రాత్రి తలుపు తీసి చూడగా తెరపై విమానం, దాని ముందు మా వాడు. ఉపాధ్యాయులకు సహజమైన ఆగ్రహంతో, "పరీక్షలు ముంచుకొస్తుంటే ఈ ఆటలేమిటి?" అని గద్దించాము. వాడు తల వంచుకొని, "ఆట కాదు మామూ, బేగంపేట కడుతున్నాను" అన్నాడు.

ఆడుతున్నాను అనలేదు, కడుతున్నాను అన్నాడు. తెలుగు పాఠం చెప్పి బ్రతికేవారము గనుక ఆ క్రియాపదం దగ్గర ఆగిపోయాము. కుర్చీ లాక్కొని కూర్చున్నాము.

వాడు చెప్పినది మా మాటల్లో ఇది. ఇంటి కంప్యూటరులో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటరులో ప్రపంచమంతా ఉంటుంది గాని, అంతా సమానమైన శ్రద్ధతో ఉండదు. కొన్ని పెద్ద విమానాశ్రయాలను మాత్రమే తయారీదారులు వివరంగా చిత్రిస్తారు. తక్కినచోట్ల ఒక రన్‌వే, నాలుగు పేరులేని పెట్టెల వంటి కట్టడాలు, అంతే. ఆ లోటు తీర్చడానికి అభిమానులు తామే విమానాశ్రయాలను నిర్మించి విడిగా చేరుస్తారు. దీనినే సీనరీ అంటారు. కొందరు అమ్ముతారు, ఎందరో ఉచితంగా పంచుతారు.

ఈ విద్యకు చరిత్ర కూడా ఉన్నది. అమెరికాలో బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన సిమ్యులేటరును మైక్రోసాఫ్ట్ సంస్థ 1982లో విడుదల చేసింది. షికాగోలో సరస్సు ఒడ్డున ఉన్న మీగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయమే చాలా ఏళ్ళపాటు అందులో ప్రయాణానికి ఆరంభస్థానం. 2003 మార్చి 30 రాత్రి మేయరు ఆజ్ఞపై యంత్రాలు వచ్చి, నిజమైన మీగ్స్ రన్‌వే మీద ఇంటూ గుర్తుల ఆకారంలో గోతులు త్రవ్విపోయాయి. 2006 నాటి సిమ్యులేటరులో మీగ్స్ కనిపించలేదు. అభిమానులు ఊరుకోలేదు, దానిని తామే కట్టుకొన్నారు. 2022లో నలభయ్యవ వార్షికోత్సవ సందర్భంగా సంస్థయే దానిని తిరిగి చేర్చింది. హాంగ్‌కాంగ్‌లోని కైతక్ 1998 జూలైలో మూతపడింది. దిగబోయే విమానం కొండపై చిత్రించిన రంగు గళ్ళను గురిగా పెట్టుకొని, ఇళ్ళ కప్పులకు చేరువగా కుడివైపు తిరగవలసి ఉండేది. ఆ మలుపును ఇళ్ళలో కూర్చుండి నేటికీ అభ్యసించేవారున్నారు.

ఇక మన బేగంపేట. నిజాం కాలంలో వెలసి, 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కావడంతో ప్రయాణికుల సందడి కోల్పోయినది. రన్‌వే నేటికీ ఉన్నది. ప్రముఖుల విమానాలు దిగుతాయి, విమాన ప్రదర్శనలు జరుగుతాయి. కాని మా వాడు కట్టదలచినది నేటి బేగంపేటను కాదు, తాను ఎన్నడూ చూడని నాటి బేగంపేటను.

వాని శ్రమ చూచి మేము విస్తుపోయాము. ఉపగ్రహ చిత్రంపై రన్‌వే అంచులను గీస్తాడు. ఆ రన్‌వేకు ఒక కొసన 09, మరొక కొసన 27 అని ఉంటుంది. తొంభై డిగ్రీలు తూర్పు, రెండువందల డెబ్బై పడమర, చివరి సున్న తీసివేస్తే ఆ అంకెలు. పాత ఫోటోలో తలుపు ఎత్తును బట్టి గోడ ఎత్తు లెక్క కడతాడు. కిటికీలు ఎన్నో ఒక్కొక్కటిగా లెక్కిస్తాడు. కావ్యాల అష్టాదశ వర్ణనలలో నగర వర్ణన మొదటిదని ప్రతి సంవత్సరం తరగతిలో చెబుతాము. కొలబద్ద పట్టుకొని నగర వర్ణన చేసేవానిని మాత్రం అప్పుడే చూచాము.

"నానాను ఒకసారి అడుగుదామా మామూ?" అన్నాడు వాడు. మేము తటపటాయించాము. 1997లో మా ఏడవ యేట అబ్బా బేగంపేట నుండి ముంబై మీదుగా జెద్దా వెళ్ళారు. పదునాలుగేళ్ళు అక్కడ ఎలక్ట్రీషియనుగా పనిచేశారు. తిరిగివచ్చిన తరువాత ఆ సంవత్సరాల ఊసు ఎత్తేవారు కాదు, మేమూ అడిగేవారము కాము.

అబ్బా కళ్ళజోడు పెట్టుకొని తెరకేసి చాలాసేపు చూచారు. "అంతా బాగుంది. కాని ఇక్కడ వేపచెట్టు ఉండాలి బేటా" అన్నారు. అది మాకూ జ్ఞాపకమే. నిజామాబాదు నుండి రాత్రి బస్సులో వచ్చి, అమ్మీ, అక్క, మేము ఆ చెట్టు క్రిందనే నిలిచాము. విమానం లేచినప్పుడు చేతులు ఊపాము. అబ్బా కిటికీలో నుండి మమ్మల్ని చూచారని దారి పొడవునా చెప్పుకొంటూ ఇల్లు చేరాము. అమ్మీ ఆ మాట తన చివరి రోజు వరకు చెప్పేది.

మేనల్లుడు చెట్టు నాటాడు. అబ్బా అటే చూస్తూ, "నా సీటు కుడిప్రక్క పడింది. చెట్టు ఎడమప్రక్క. మెడ ఎంత సాచినా కనబడలేదు. జాబులో రాద్దామనుకొని రాయలేకపోయాను" అన్నారు.

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. కొంతసేపటికి వాడు విమానాన్ని రన్‌వే తూర్పు కొసకు తెచ్చి, దృశ్యాన్ని ఎడమ కిటికీకి మార్చాడు. విమానం పడమరకు పరుగెత్తి లేచింది. టెర్మినల్, రోడ్డు, దాని ప్రక్కన ఆకుపచ్చని చుక్కంత చెట్టు కనిపించి వెనుకకు జరిగిపోయాయి. "క్రింద మనుషుల బొమ్మలు కూడా పెట్టవచ్చు నానా" అన్నాడు వాడు. అబ్బా తల అడ్డంగా ఊపి, "వద్దు బేటా. చెట్టు చాలు" అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర, మొదటిసారిగా, జెద్దాలో తాము ఉండిన గదిని గురించి చెప్పారు. ఆరుగురికి ఒకే కిటికీ అట.

విద్యార్థి మిత్రులారా! రాత్రులు మేల్కొని తెరకు కళ్ళప్పగించమని మేము ప్రోత్సహించడం లేదు. మా వానికి ఆ ఆరునెలల పరీక్షల్లో మార్కులు తగ్గిన మాట నిజం, అందుకు మందలించిన మాటా నిజం. కాని ఆటలని గద్దించిన మాటను మాత్రం వెనుకకు తీసుకొన్నాము. ఏ స్థలాన్నైనా కిటికీలు లెక్కించేటంత శ్రద్ధగా చూడటం విద్యయే. కట్టిన తరువాత, ఆ స్థలం ఎరిగిన పెద్దవారి ముందు పెట్టి తప్పులు అడగడం అంతకు మించిన విద్య. మీ ఇళ్ళలోనూ అటువంటి పెద్దలు ఉంటారు. వారిని మేము అడిగినంత ఆలస్యంగా అడగవద్దు. ఎడమ కిటికీ సంగతి వినడానికి మా అమ్మీ లేదు.